పాచికలు ముందు, పాత్ర తర్వాత: 1981 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నియమాలతో పాత్రను తయారుచేసే విధానం

రోల్ ప్లేయింగ్ ఆటకు, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ పాచికల సాయంతో సాహసకథ నడిపించే ఆటకు, కొత్తగా వచ్చేవారు చాలావరకు ఒక కథను మనసులో పెట్టుకొని వస్తారు. రాజ్యం పోగొట్టుకొన్న యువరాజుగానో, గురువును వెతుక్కుంటూ బయలుదేరిన మాంత్రికురాలిగానో తమను ముందే ఊహించుకొని, ఆ ఊహకు తగిన అంకెలను తర్వాత సమకూర్చుకోవాలని చూస్తారు. పాత ఆటల్లో ఈ వరుస తిరగబడి ఉంటుంది. ముందు పాచికలు పడతాయి. పడిన అంకెలను చూసి, ఇలాంటి మనిషి ఎవరై ఉంటారు, ఎలా బతుకుతారు అని ఆటగాడు ఆలోచిస్తాడు. ఈ ఒక్క తేడాను మనసుకు పట్టించుకొంటే మిగిలిన నియమాలన్నీ సులువుగా అర్థమవుతాయి. పట్టించుకోకపోతే ప్రతి మెట్టు దగ్గరా అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించగా, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి 1974లో అది మొదటిసారి వెలువడింది. ఆ తొలి ముద్రణ చదివి ఆట నేర్చుకోవడం కష్టం. ఈ మార్గదర్శికి నేను ఎంచుకొన్నది 1981లో టామ్ మోల్డ్‌వే సంపాదకత్వంలో వచ్చిన బేసిక్ నియమాల పుస్తకం. అది 64 పేజీలే. పాత్ర తయారీ ఏ వరుసలో జరగాలో అందులో స్పష్టంగా ఉంది, అలవాటు పడినవారికి పావుగంటలో పాత్ర సిద్ధమవుతుంది. పాత పద్ధతిని నేర్చుకోవాలనుకొనే తెలుగు ఆటగాళ్ళకు నేను ముందుగా సూచించేది ఇదే.

కూర్చునే ముందు కావలసినవి

ఒక తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు, మూడు మామూలు ఆరు ముఖాల పాచికలు ఉంటే తయారీ దాదాపు పూర్తవుతుంది. హిట్ పాయింట్ల (పాత్ర ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) కోసం మాత్రం పాత్రను బట్టి నాలుగు ముఖాల పాచిక గాని, ఎనిమిది ముఖాల పాచిక గాని కావలసి రావచ్చు. ఆట మొదలైన తర్వాత ఇరవై ముఖాల పాచిక తప్పదు. ఈ పుస్తకం వచ్చిన 1981 పెట్టెలో పాచికలతో పాటు ఒక మైనపు క్రేయాన్ కూడా ఉండేది. పాచికల మీద అంకెలు చెక్కి ఉండేవి గాని వాటికి రంగు ఉండేది కాదు. కొన్నవారే ఆ క్రేయాన్‌ను గాట్లలోకి రుద్ది, పైన మిగిలిన మైనాన్ని గుడ్డతో తుడిచి, అంకెలు కనబడేలా చేసుకొనేవారు. మీ దగ్గర బహుముఖ పాచికలు లేకపోతే ఆగిపోనవసరం లేదు. ఒకటి నుంచి ఎనిమిది వరకు చీటీలు రాసి గిన్నెలో వేసి, చూడకుండా ఒకటి తీస్తే సరిపోతుంది. 1979 ప్రాంతంలో పాచికలకు కొరత వచ్చినప్పుడు ప్రచురణకర్తలే పెట్టెలో చీటీలు పెట్టి అమ్మారు.

పెన్సిలు అన్నది ఊరికే అనలేదు. ఈ కాగితం మీద చాలా అంకెలు మారుతూనే ఉంటాయి, హిట్ పాయింట్ల గడి అయితే రెండు మూడు ఆటలకే రుద్ది రుద్ది పలచబడిపోతుంది.

మొదటి మెట్టు: ఆరు లక్షణాలు, వరుస తప్పకుండా

కాగితం ఎడమ వైపున ఆరు పేర్లు ఒకదాని కింద ఒకటి రాయండి: స్ట్రెంత్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, కరిజ్మా. అంటే వరుసగా దేహబలం, తెలివి, వివేకం, చేతి చురుకు, ఒంటి గట్టిదనం, నలుగురిని ఆకట్టుకొనే శక్తి. మూడు పాచికలను కలిపి వేసి, వచ్చిన మొత్తాన్ని మొదటి పేరు పక్కన రాయాలి, మళ్ళీ వేసి రెండో పేరు పక్కన రాయాలి. ఇలా ఆరుసార్లు. పడిన చోటే ఆ అంకె ఉండిపోతుంది. పెద్ద అంకెను నచ్చిన గడిలోకి జరపడానికి వీల్లేదు.

ఈ పాచికలు ఎలా పడతాయో కొంచెం నిదానంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే కొత్తవారి నిరాశంతా ఇక్కడే పుడుతుంది. అష్టాచెమ్మా ఆడినవారికి ఇది వెంటనే తెలుస్తుంది: నాలుగు గవ్వలూ ఒకే తీరున పడటం అరుదు, కొన్ని వెల్లకిలా, కొన్ని బోర్లా పడటం మామూలు. మూడు పాచికలకూ అంతే. పడగల తీరులు మొత్తం 216. వాటిలో 18 వచ్చేది ఒక్కదానిలోనే. 9 నుంచి 12 మధ్య వచ్చేవి 104, అంటే దాదాపు సగం. సగటు పదిన్నర. 13 గాని అంతకంటే ఎక్కువ గాని ఒక్కసారి వేస్తే పడే అవకాశం నూటికి 26 దాకా ఉంటుంది కాబట్టి, ఆరుసార్లలో కనీసం ఒక్కటైనా అలాంటి అంకె వచ్చే అవకాశం నూటికి 83. కనీసం ఒక్క 16 గాని అంతకంటే పెద్దది గాని దొరికేది మాత్రం నాలుగు పాత్రల్లో ఒకదానికే. కనుక మీ కాగితం మీద ఒక్క 13, మిగతావన్నీ తొమ్మిది, పది, పదకొండులుగా కనిపిస్తే దురదృష్టమని అనుకోకండి. ఈ ఆట ఊహించిన మామూలు సాహసికుడు సరిగ్గా అలాగే ఉంటాడు.

ఈ అంకెలు ఆటలో పెట్టే ప్రభావం కూడా మితంగానే ఉంటుంది. 9 నుంచి 12 వరకు ఏ కలుపూ, ఏ తీతా ఉండదు. 13 నుంచి 15 వరకు ఒకటి కలుస్తుంది, 16, 17లకు రెండు, 18కి మూడు. అదే తీరున కిందికి 6 నుంచి 8 వరకు ఒకటి తగ్గుతుంది, 4, 5లకు రెండు, 3కి మూడు. అంటే 9 వచ్చిన ఆటగాడికి, 12 వచ్చిన ఆటగాడికి యుద్ధంలో తేడా ఏమీ లేదు. కరిజ్మా పట్టిక మాత్రం కొంచెం వేరుగా ఉంటుంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

స్ట్రెంత్ కలుపు చేతి ఆయుధంతో కొట్టడానికీ, దెబ్బ బలానికీ, బిగుసుకుపోయిన తలుపులను నెట్టడానికీ వర్తిస్తుంది. ఇంటెలిజెన్స్ అదనపు భాషలను ఇస్తుంది. విజ్‌డమ్ మంత్రాల నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికలకు, అంటే సేవింగ్ త్రోలకు, ఉపయోగపడుతుంది. డెక్స్‌టెరిటీ బాణాలూ విసిరే ఆయుధాలూ గురి తప్పకుండా తగలడానికీ, ఎదుటివారి దెబ్బ మనకు తగలకుండా ఉండటానికీ పనికివస్తుంది. కాన్‌స్టిట్యూషన్ ప్రతి హిట్ పాయింట్ల పాచికకూ కలుస్తుంది. నా అనుభవంలో ఎక్కువ ప్రాణాలు కాపాడేవి ఈ చివరి రెండే.

ఒక మినహాయింపు ఉంది. ఆరు అంకెలూ సగటు కంటే తక్కువ పడినా, ఒకటికి మించి మరీ చిన్న అంకెలు, అంటే 3 నుంచి 6 లోపువి పడినా, ఆ పాత్రను పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి వేయడానికి డంజియన్ మాస్టర్ అనుమతించవచ్చు. ఇది ఆటగాడి హక్కు కాదు, ఆట నడిపించే వ్యక్తి దయ. ఒకే ఒక్క చిన్న అంకె ఉన్నందుకు అడగకండి. ఆ ఒక్క లోపమే తరచు ఆ పాత్రకు గుర్తు అవుతుంది.

ఈ మార్గదర్శి పొడవునా ఒకే ఉదాహరణను పట్టుకొని వెళదాం. నేను పాచికలు వేసి రాసుకొన్న వరుస ఇది: స్ట్రెంత్ 8, ఇంటెలిజెన్స్ 15, విజ్‌డమ్ 11, డెక్స్‌టెరిటీ 13, కాన్‌స్టిట్యూషన్ 6, కరిజ్మా 12. బలం తక్కువ, ఒంట్లో సత్తువ ఇంకా తక్కువ. తెలివి మాత్రం బాగా ఉంది, చేతులు చురుకైనవి.

రెండో మెట్టు: క్లాస్ ఎంచుకోవడం

క్లాస్ అంటే పాత్ర ఏ రకం సాహసికుడో చెప్పేది. ఈ నియమాల్లో ఏడు క్లాసులు ఉన్నాయి: ఫైటర్ (యోధుడు), క్లెరిక్ (పూజారి), మ్యాజిక్ యూజర్ (మాంత్రికుడు), థీఫ్ (దొంగ), డ్వార్ఫ్, ఎల్ఫ్, హాఫ్లింగ్. మొదటి నాలుగూ మనుషులవి. డ్వార్ఫ్, ఎల్ఫ్, హాఫ్లింగ్ అనేవి జాతి పేర్లే అయినా ఇక్కడ అవే క్లాసులు కూడా. ఎల్ఫ్ థీఫ్ అనేది ఈ పుస్తకంలో లేదు. జాతి వేరు, వృత్తి వేరు అనే పద్ధతిని ఇదే ఆటకు ఆ కాలంలోనే సాగిన అడ్వాన్స్‌డ్ నియమాలు పాటించాయి. అక్కడి నుంచి వచ్చేవారు ఇక్కడ మొదట తడబడేది దీని దగ్గరే.

కనీస అర్హతలు కొన్నే. డ్వార్ఫ్‌కు కాన్‌స్టిట్యూషన్ 9 ఉండాలి. ఎల్ఫ్‌కు ఇంటెలిజెన్స్ 9 ఉండాలి. హాఫ్లింగ్‌కు డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్ రెండూ 9 ఉండాలి. మనుషుల క్లాసులకు అర్హత లేదు గాని, ప్రతి క్లాసుకూ ఒక ముఖ్య లక్షణం ఉంది: ఫైటర్‌కూ డ్వార్ఫ్‌కూ స్ట్రెంత్, మ్యాజిక్ యూజర్‌కు ఇంటెలిజెన్స్, క్లెరిక్‌కు విజ్‌డమ్, థీఫ్‌కు డెక్స్‌టెరిటీ. ముఖ్య లక్షణం 13 నుంచి 15 వరకు ఉంటే, పాత్రను పై స్థాయికి, అంటే పై లెవెల్‌కు, చేర్చే అనుభవ పాయింట్లకు నూటికి 5 కలుస్తాయి, 16 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే 10 కలుస్తాయి. 6 నుంచి 8 ఉంటే 10, అంతకంటే తక్కువ ఉంటే 20 తగ్గుతాయి. ఎల్ఫ్‌కూ హాఫ్లింగ్‌కూ ముఖ్య లక్షణాలు రెండేసి ఉంటాయి.

క్లాసు గురించి నిర్ణయించేటప్పుడు అంకెలతో పాటు రెండో లెవెల్‌కు కావలసిన అనుభవ పాయింట్లను కూడా చూడాలి. థీఫ్‌కు 1,200 చాలు. క్లెరిక్‌కు 1,500, ఫైటర్‌కూ హాఫ్లింగ్‌కూ 2,000, డ్వార్ఫ్‌కు 2,200, మ్యాజిక్ యూజర్‌కు 2,500, ఎల్ఫ్‌కు 4,000. గుహలోంచి బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక అనుభవ పాయింటు వస్తుంది. చంపడం కంటే దోచుకొని క్షేమంగా బయటపడటమే లాభమని ఈ ఒక్క నియమం ఆటగాళ్ళకు నేర్పుతుంది, పాత్ర తయారీలోనూ దాన్ని గుర్తుంచుకోవాలి.

ఒక్కో క్లాసు మొదటి లెవెల్లో నిజంగా ఏం చేయగలదో తెలిసి ఉండటం అవసరం. క్లెరిక్‌కు మొదటి లెవెల్లో మంత్రాలే లేవు. అస్థిపంజరాలను, నడిచే శవాలను పవిత్ర చిహ్నంతో తరిమే శక్తి మాత్రం ఉంది. మ్యాజిక్ యూజర్‌కు రోజుకు ఒక్క మంత్రం. థీఫ్‌కు తాళం తీయడంలో నూటికి 15, నిటారు గోడలు ఎక్కడంలో 87. ఈ చివరి రెండు అంకెలను పక్కపక్కన చూసినవారు థీఫ్‌ను తాళాల కోసం కాక గోడల కోసం తీసుకొంటారు.

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. కాన్‌స్టిట్యూషన్ 6 కాబట్టి డ్వార్ఫ్, హాఫ్లింగ్ కుదరవు. స్ట్రెంత్ 8తో ఫైటర్ అయితే సంపాదనలో పదో వంతు పోతుంది. క్లెరిక్ కావచ్చు గాని విజ్‌డమ్ 11 వల్ల ప్రత్యేక లాభం లేదు. నిజంగా ఆలోచించదగినవి మూడు: మ్యాజిక్ యూజర్, థీఫ్, ఎల్ఫ్.

మూడో మెట్టు: అంకెలను సర్దడం

క్లాసు నిర్ణయించిన తర్వాత ఒకే ఒక్క సర్దుబాటుకు అవకాశం ఉంది. ఒక లక్షణంలో రెండు పాయింట్లు వదులుకొంటే ముఖ్య లక్షణంలో ఒక పాయింటు పెరుగుతుంది. తగ్గించే ఏ అంకె కూడా 9 కంటే కిందికి పోకూడదు. కాన్‌స్టిట్యూషన్‌ను, కరిజ్మాను ముట్టుకోకూడదు. డెక్స్‌టెరిటీని పెంచవచ్చు గాని తగ్గించకూడదు. బేరం మొదటి చూపులో నష్టంగా కనిపిస్తుంది. అయితే 9 నుంచి 12 వరకు ప్రభావం ఒకటే అని ముందే చూశాం కాబట్టి, 11ను 9 చేస్తే పోయేది నిజానికి ఏమీ లేదు. ఈ లెక్కను పట్టుకోగలిగితే సర్దుబాటు ఎప్పుడు చేయాలో మీకే తెలుస్తుంది: వదులుకొనే అంకె తన మెట్టులోనే ఉండిపోవాలి, పెరిగే అంకె పై మెట్టుకు చేరాలి.

మూడు దారులనూ వేసి చూద్దాం. మ్యాజిక్ యూజర్ అయితే విజ్‌డమ్ 11ను 9కి దించి ఇంటెలిజెన్స్‌ను 16 చేయవచ్చు. అనుభవంలో కలుపు నూటికి 5 నుంచి 10కి పెరుగుతుంది, ఇంకొక భాష కూడా వస్తుంది. థీఫ్ అయితే ఇంటెలిజెన్స్ 15ను 9 దాకా దించి, ఆ ఆరు పాయింట్లతో డెక్స్‌టెరిటీని 13 నుంచి 16 చేయవచ్చు; అప్పుడు ఆర్మర్ క్లాస్‌లోనూ (ఎదుటివారి దెబ్బ మనకు తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె), బాణం గురిలోనూ కలుపు రెండు అవుతుంది. ఎల్ఫ్ అయితే, దాని ముఖ్య లక్షణాల్లో స్ట్రెంత్ ఒకటి కాబట్టి, విజ్‌డమ్‌ను 9కి దించి స్ట్రెంత్‌ను 8 నుంచి 9 చేయవచ్చు. ఒక్క పాయింటుతో కత్తి దెబ్బకు ఉన్న తీత పూర్తిగా పోతుంది.

థీఫ్ దారి చాలా మందికి నచ్చుతుంది, అది మంచి ఎంపికే. నేను మాత్రం ఎల్ఫ్‌ను తీసుకొన్నాను. కారణం ఒక్కటే: ఎల్ఫ్ ఇనుప కవచం తొడుక్కొని కూడా మంత్రం వేయగలదు. ఒంట్లో సత్తువ లేని ఈ పాత్రకు కవచమే ప్రాణం. రెండో లెవెల్‌కు 4,000 పాయింట్లు కావాలన్న సంగతి తెలిసే ఒప్పుకొన్నాను.

నాలుగో మెట్టు: హిట్ పాయింట్లు

ఫైటర్‌కూ డ్వార్ఫ్‌కూ ఎనిమిది ముఖాల పాచిక, క్లెరిక్‌కూ ఎల్ఫ్‌కూ హాఫ్లింగ్‌కూ ఆరు ముఖాలది, మ్యాజిక్ యూజర్‌కూ థీఫ్‌కూ నాలుగు ముఖాలది. పడిన అంకెకు కాన్‌స్టిట్యూషన్ కలుపును గాని తీతను గాని వర్తింపజేయాలి. ఎంత తగ్గినా ఒకటికి తక్కువ కాదు. హిట్ పాయింట్లు సున్నాకు చేరితే పాత్ర చనిపోతుంది. స్పృహ తప్పి పడి ఉండటం, తర్వాత కోలుకోవడం ఈ నియమాల్లో లేవు.

మా బృందంలో తొలిసారి ఆడినప్పుడు ఒక మ్యాజిక్ యూజర్‌కు సరిగ్గా ఒకే ఒక్క హిట్ పాయింటు వచ్చింది. మొదటి గదిలోనే, తలుపు పక్కన గోడలోంచి వచ్చిన చిన్న బాణానికి ఆ పాత్ర పోయింది. ఆ ఆటగాడు పేరు పూర్తిగా రాసుకోనైనా లేదు, కాగితం మీద మూడు అక్షరాల దగ్గర పెన్సిలు ఆగిపోయి ఉంది. ఆ రోజు ఆట నడిపించింది నేనే. మొదటి లెవెల్లో ఒకటో రెండో పడితే డంజియన్ మాస్టర్ అనుమతితో మళ్ళీ వేసుకోవచ్చని పుస్తకంలోనే ఉందని నాకు తర్వాత గాని తెలియలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఆట నడిపించేవారికి గట్టిగా చెబుతున్నాను: ఈ అనుమతిని ఇవ్వండి, ఆట మొదలవక ముందే అందరికీ చెప్పండి.

మన ఎల్ఫ్‌కు ఆరు ముఖాల పాచిక మీద 4 పడింది, కాన్‌స్టిట్యూషన్ 6 వల్ల ఒకటి పోయి మూడు మిగిలాయి. ఒక్క ఆయుధం దెబ్బలో ఒకటి నుంచి ఆరు దాకా పోవచ్చు కాబట్టి, మూడు అంటే ఎంతో వెంటనే తెలుస్తుంది. వెనుక వరుసలో నడవడం ఈ పాత్రకు పిరికితనం కాదు.

ఐదో మెట్టు: బంగారం, సామాను

మూడు పాచికలు వేసి పదితో గుణిస్తే చేతిలో ఉన్న బంగారు నాణేలు వస్తాయి. మన ఎల్ఫ్‌కు 11 పడింది, అంటే 110 నాణేలు. కొత్తవారు ఈ మెట్టును తొందరగా దాటేస్తారు. నా లెక్కలో పాత్ర బతుకుతుందా లేదా అనేది ఇక్కడే తేలుతుంది, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటాను.

ముందు కవచం. తోలు కవచం 20 నాణేలు, గొలుసు కవచం 40, పలకల కవచం 60, డాలు 10. ఆర్మర్ క్లాస్ ఎంత తక్కువైతే అంత మంచిదని గుర్తుంచుకోండి: కవచం లేకపోతే 9, తోలుకు 7, గొలుసుకు 5, పలకలకు 3, డాలు ఉంటే ఇంకొకటి తగ్గుతుంది. మ్యాజిక్ యూజర్‌కు ఏ కవచమూ లేదు, బాకు తప్ప ఆయుధమూ లేదు. థీఫ్‌కు తోలు కవచమే, డాలు లేదు. క్లెరిక్ ఏ కవచమైనా వేసుకోవచ్చు గాని అంచు ఉన్న ఆయుధం పట్టకూడదు.

తర్వాత ఆయుధం. కత్తి 10 నాణేలు, బాకు 3, గద 5, ఈటె 3. చిన్న విల్లు 25, పెద్ద విల్లు 40. ఇరవై బాణాలు 5. అన్ని ఆయుధాల దెబ్బకూ ఆరు ముఖాల పాచికే వేయాలన్నది అసలు నియమం. కత్తికి ఎనిమిది, బాకుకు నాలుగు అంటూ ఆయుధాన్ని బట్టి మారే పద్ధతి ఐచ్ఛికం. మీ బల్ల దగ్గర ఏది నడుస్తుందో కొనేముందే అడగండి, ఎందుకంటే మొదటి పద్ధతిలో మూడు నాణేల బాకుకూ పది నాణేల కత్తికీ దెబ్బలో తేడా ఉండదు.

ఆ తర్వాత చాలా మంది మరిచిపోయేవి. కాగడాలు ఆరు కలిపి ఒక్క నాణెమే. ఒక్కో కాగడా గంటసేపు, 30 అడుగుల దాకా వెలుగునిస్తుంది. వెలిగించే పెట్టె 3 నాణేలు, అది లేకుండా కాగడాలు కొనేవారిని నేను చాలాసార్లు చూశాను. 50 అడుగుల తాడు ఒక నాణెం, 10 అడుగుల కర్ర ఒక నాణెం, ఇనుప మేకులు పన్నెండు ఒక నాణెం. ఆ కర్రతో ముందు నేలను తట్టి చూస్తూ నడిచే బృందం గోతుల్లో పడదు. మేకును తలుపు కింద కొడితే వెనుక నుంచి ఎవరూ రాలేరు. ఈ రెండు నాణేల సామాను పది నాణేల కత్తి కంటే ఎక్కువసార్లు నన్ను కాపాడింది. నూనె సీసా 2 నాణేలు, వెలిగించి విసిరితే అది మొదటి లెవెల్లో దొరికే గట్టి ఆయుధాల్లో ఒకటి.

మన ఎల్ఫ్ కొన్న జాబితా ఇది: గొలుసు కవచం 40, డాలు 10, కత్తి 10, బాకు 3, వీపు సంచి 5, కాగడాలు 1, వెలిగించే పెట్టె 3, తాడు 1, నీళ్ళ తిత్తి 1, వారానికి సరిపడా చెడిపోని తిండి 15, మేకులు 1, కర్ర 1, రెండు నూనె సీసాలు 4, దోచినది మోయడానికి పెద్ద గోనె 2. మొత్తం 97. మిగిలిన 13 నాణేలను కావాలనే ఖర్చు పెట్టలేదు, దాని కారణం చివర్లో వస్తుంది.

ఆరో మెట్టు: మిగిలిన గడులు నింపడం

గొలుసు కవచంతో 5, డాలుతో 4, డెక్స్‌టెరిటీ 13 వల్ల ఇంకొకటి తగ్గి ఆర్మర్ క్లాస్ 3 అయింది. పలకల కవచం తొడుక్కొన్న ఫైటర్‌తో ఇది సమానం.

కొట్టడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తాం. మూడో లెవెల్ దాకా అన్ని క్లాసులకూ లెక్క ఒకటే: ఆర్మర్ క్లాస్ 9 ఉన్నవాడిని కొట్టాలంటే 10 పడాలి, ఆర్మర్ క్లాస్ ఒకటి తగ్గే కొద్దీ ఒకటి ఎక్కువ పడాలి, 0 ఉన్నవాడికి 19. కాగితం అడుగున 9 నుంచి 0 వరకు పది గడులు గీసి 10 నుంచి 19 వరకు నింపుకొంటే ఆట మధ్యలో పుస్తకం తిప్పనవసరం ఉండదు. ఆర్మర్ క్లాస్ 6 ఉన్న గోబ్లిన్‌ను కొట్టాలంటే మన ఎల్ఫ్‌కు 13 పడాలి.

సేవింగ్ త్రోలు ఐదు. ఎల్ఫ్‌కు విషం లేదా మృత్యుకిరణానికి 12, మంత్రదండాలకు 13, పక్షవాతం లేదా రాయిగా మారడానికి 13, డ్రాగన్ ఊపిరికి 15, మంత్రాలకు 15. అంతకంటే ఎక్కువ గాని సమానంగా గాని పడితే ప్రమాదం తప్పుతుంది లేదా తగ్గుతుంది. డ్వార్ఫ్, హాఫ్లింగ్‌ల అంకెలు వీటికంటే చాలా మెరుగు, వాళ్ళకు విషానికి 8 చాలు.

మంత్రం విషయంలో నాకు సందేహం లేదు: అవకాశం ఉంటే స్లీప్ తీసుకోండి. రెండు ఎనిమిది ముఖాల పాచికలు వేసి, వచ్చినన్ని హిట్ డైస్‌కు (జీవి బలాన్ని కొలిచే పాచికల లెక్క) సరిపడే జీవులను అది నిద్రపుచ్చుతుంది, మొదటి లెవెల్లో ఎదురయ్యే చాలా వాటికి దాని నుంచి తప్పించుకొనే సేవింగ్ త్రో కూడా లేదు. మ్యాజిక్ మిస్సైల్ తీసుకొంటే ఒక్క శత్రువుకు దెబ్బ. స్లీప్ తీసుకొంటే గది మొత్తం.

అలైన్‌మెంట్, అంటే పాత్ర నడవడి మొగ్గు, మూడు రకాలే: లాఫుల్ (కట్టుబాటు), న్యూట్రల్ (మధ్యస్థం), కెయోటిక్ (అరాచకం). ధర్మాధర్మాల చర్చగా దీన్ని పెద్దది చేయకండి. బృందంతో కలిసి నడవగల దాన్ని తీసుకొంటే చాలు. భాషల గడిలో ఎల్ఫ్‌కు సామాన్య భాష, అలైన్‌మెంట్ భాష, ఎల్ఫ్‌ల భాష, వీటితో పాటు నోల్, హాబ్‌గోబ్లిన్, ఓర్క్ అనే రాక్షసజాతుల భాషలు రాయాలి. ఇంటెలిజెన్స్ 15 కాబట్టి ఇంకొకటి ఎంచుకోవాలి. నేను గోబ్లిన్ భాష ఎంచుకొన్నాను. తొలి గుహల్లో ఎక్కువగా ఎదురయ్యే వాటితో మాట్లాడగలగడం మూడు హిట్ పాయింట్లున్న మనిషికి పెద్ద కవచం.

ఏడో మెట్టు: కరిజ్మా, పనివాళ్ళు, పేరు

కరిజ్మాను పనికిరాని అంకెగా భావించి వదిలేయడం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. ఎదురైన జీవులు వెంటనే మీద పడతాయా, ఆగి మాట వింటాయా అన్నది డంజియన్ మాస్టర్ రెండు పాచికలు వేసి చూస్తాడు. మాట్లాడేవారి కరిజ్మా దానికి కలుస్తుంది. ఎంతమంది జీతగాళ్ళను వెంట ఉంచుకోవచ్చో, వాళ్ళు భయపడకుండా ఎంతవరకు నిలబడతారో కూడా అదే చెబుతుంది. 9 నుంచి 12 ఉన్నవారు నలుగురిని పెట్టుకోవచ్చు, వాళ్ళ ధైర్యం అంకె 7. 18 ఉన్నవారికి ఏడుగురు, ధైర్యం 10.

పక్కన దాచిన 13 నాణేలు ఇందుకే. మన ఎల్ఫ్ కరిజ్మా 12. ఊళ్ళో ఒక మనిషిని మాట్లాడుకొని, బయానాగా కొంత ఇచ్చి, దోపిడీలో వాటా ఒప్పుకొంటే, కాగడా పట్టి పక్కన నిలబడే తోడు దొరుకుతుంది. ఒక చేత కత్తి, మరో చేత డాలు పట్టిన పాత్రకు కాగడా పట్టడానికి మూడో చెయ్యి లేదన్న సంగతి ఆటలో దిగిన తర్వాత చాలా మందికి గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు పేరు. కాగితం వైపు చూడండి: బలహీనమైన ఒళ్ళు, పదునైన తెలివి, శత్రువుల భాషలు, పెద్ద కవచంలో చిన్న మనిషి. నాకు ఈమె ఓర్క్‌ల చెరలో చిన్నతనం గడిపి, వాళ్ళ మాటలు నేర్చి, ఒకరోజు కాపలావారిని నిద్రపుచ్చి బయటపడిన మనిషిగా కనిపించింది. ఆమెకు నీలవేణి అని పేరు పెట్టాను. ఈ కథలో ఒక్క ముక్క కూడా పాచికలు వేయకముందు నా దగ్గర లేదు. కాన్‌స్టిట్యూషన్ 6 లేకపోతే చెర లేదు. భాషల గడి లేకపోతే తప్పించుకోవడం లేదు. ఒకటి రెండు వాక్యాలకు మించి రాయకండి, మిగిలినది ఆటే రాస్తుంది.

పేరు పక్కన మొదటి లెవెల్ బిరుదు రాయాలి. ఫైటర్‌కు వెటరన్, మ్యాజిక్ యూజర్‌కు మీడియం, క్లెరిక్‌కు అకొలైట్, థీఫ్‌కు అప్రెంటిస్. ఎల్ఫ్‌కు రెండూ కలిపి వెటరన్-మీడియం.

అడ్వాన్స్‌డ్ నియమాలు పాటించేవారికి ఒక మాట

1979లో వచ్చిన అడ్వాన్స్‌డ్ నియమాల డంజియన్ మాస్టర్ పుస్తకం నాలుగు పాచికలు వేసి, వాటిలో తక్కువదాన్ని వదిలి, వచ్చిన ఆరు మొత్తాలను నచ్చిన వరుసలో అమర్చుకొనే పద్ధతిని ఇచ్చింది. దానితో సగటు పన్నెండు దాటుతుంది. ఆ నియమాల్లో కలుపులు 15, 16 దగ్గర గాని మొదలవవు కాబట్టి అక్కడ ఆ పద్ధతి సరిపోతుంది. దాన్ని తెచ్చి బేసిక్ నియమాల్లో వాడితే మాత్రం 13 దగ్గరే కలుపులు మొదలవడం వల్ల ప్రతి పాత్రా వీరుడే అవుతుంది, సామాను మీదా జీతగాళ్ళ మీదా పెట్టవలసిన శ్రద్ధ ఎవరూ పెట్టరు. రెంటినీ కలపకపోవడమే మంచిది.

పాత్ర పూర్తయిన తర్వాత, బల్ల దగ్గరి నుంచి లేవకముందే, ఇంకొక కాగితం తీసుకొని ఆరు లక్షణాల పేర్లు రాసి, పాచికలు వేసి, అంకెలు నింపి, క్లాసు గడి ఖాళీగా వదిలి సంచిలో పెట్టుకోండి. మూడు హిట్ పాయింట్ల నీలవేణి తొలి గుహలోనే ఆగిపోతే, మిగిలినవారు ఎదురు చూస్తూ కూర్చోకుండా ఆ రెండో మనిషి తర్వాతి తలుపు దగ్గర వాళ్ళను కలుసుకోగలడు.